పసుపుకు చోటు విడిచిన అంచు: 120 శుభలేఖల కేస్ స్టడీ

నమూనా కార్డు చేతికి ఇచ్చినప్పుడు పెళ్లింటి అవ్వ దాన్ని తెరవలేదు. బొటనవేలిని ఒక మూల మీద ఆనించి, అక్కడి నుంచి రెండో మూలకు, మూడో మూలకు, నాలుగో మూలకు జరుపుతూ తడిమి చూశారు. ఆ తర్వాత కళ్లజోడు సరిచేసుకుని నన్ను అడిగారు: “అన్నీ చిల్లులే కదమ్మా, పసుపు ఎక్కడ పెట్టాలి?”

ఆ నమూనా మీద నేను మూడు రోజులు కూర్చున్నాను. నాలుగు వైపులా లేసు అంచు, మూలల్లో మామిడి పిందెల ఆకారంలో సన్నని చిల్లులు. పెళ్లికూతురు ఫోనులో ఫొటో చూసి ఎంతో మురిసిపోయింది. కానీ మన ఇళ్లలో శుభలేఖలు రాగానే ముందుగా చేసే పని నాలుగు మూలలా పసుపు రాయడం. పసుపు పడ్డాకే అది శుభలేఖ అవుతుంది, అంతవరకూ అచ్చు వేసిన కాగితమే. అందం కోసమని నేను కోసి రాల్చింది సరిగ్గా ఆ మూలలనే.

ఆ ప్రశ్నతో నా పని మళ్లీ మొదటికి వచ్చింది. కాగితం, కొలత, మడత, డై (కాగితాన్ని కావలసిన ఆకారంలో కోసే పదునైన అచ్చు), కవరు అన్నీ మారాయి. చేతితో కార్డులు చేసేవారికి ఉపయోగపడుతుందని ఆ క్రమమంతా కొలతలతో, తప్పులతో సహా రాస్తున్నాను.

వచ్చిన పని

తిరుపతిలోనే ఉండే కుటుంబం. పెళ్లి మాఘమాసంలో. ఊరందరికీ పంచే పత్రికలను వాళ్లు విడిగా ప్రెస్సులో వేయించుకున్నారు. నాకు అప్పగించినవి 120. ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సిన దగ్గరి బంధువులకు ఇవ్వడానికి, వాటిలో మొదటిది శ్రీవారికి పంపడానికి. ధనుర్మాసం రాకముందే తొలి పత్రికకు పసుపు పెట్టాలని అవ్వ కోరిక. అందువల్ల డిసెంబరు మొదటి వారానికి అన్నీ అందించాలి. నాకు మిగిలింది నవంబరు. మాకు నవంబరు అంటే ఈశాన్య రుతుపవనాల వాన. కాగితంతో పని చేసేవారికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా కష్టమైన నెల లేదు.

పెళ్లికూతురు వాళ్ల అమ్మగారి కలంకారీ చీర అంచును ఫొటో తీసి పంపింది. సాగిపోయే తీగ, తీగ ప్రతి వంపులో ఒక మామిడి పిందె, పిందె కడుపులో చుక్కలు. “అక్కా, కార్డుకు ఈ అంచే రావాలి” అంది. కార్డుకు 95 రూపాయల చొప్పున మొత్తం 11,400 రూపాయలకు ఒప్పుకున్నాను. ఆ ధర కట్టడంలో నేను చేసిన పొరపాటు ముందు ముందు వస్తుంది.

గీసిన అంచు, కోసిన అంచు

శ్రీకాళహస్తి మాకు 40 కిలోమీటర్ల లోపే. పెడనలో కలంకారీని చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గీస్తారు. కలం చేతిలో ఉన్నవారికి గుడ్డ మీద ఎక్కడ ఏమైనా పెట్టే స్వేచ్ఛ ఉంటుంది. పిందె మధ్యలో చుక్క పెట్టి, చుక్క చుట్టూ వలయం గీసి, ఆ వలయం చుట్టూ ఇంకొకటి గీయవచ్చు. కాగితంలో అదే వలయాన్ని కోస్తే లోపలి చుక్క రాలి కింద పడుతుంది. చుక్క నిలవాలంటే పక్కనున్న కాగితానికి దాన్ని పట్టి ఉంచే సన్నని వంతెనలు కావాలి. చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గును కాగితం మీద వేసి, ఆ గీతల వెంట కత్తి పెట్టి చూడండి. ముగ్గు మొత్తం ముక్కలై చేతిలోకి వస్తుంది.

కాబట్టి చీర అంచును ఉన్నది ఉన్నట్టుగా దింపలేము. నేను పిందె కడుపులోని చుక్కలు తీసేశాను. వాటి స్థానంలో కన్నీటి బొట్టు ఆకారంలో ఒకే ఒక చిల్లు పెట్టాను. ఆకులు తీగను తాకీ తాకనట్టు ఉన్న ప్రతిచోటా వాటిని తీగకు కలిపేశాను. పెళ్లికూతురికి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ఎందుకు మార్చానో చెప్పాను. కాసేపు చూసి సరేనంది.

ఆ గీతను డైగా మార్చడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి ప్రెస్సుల్లో వాడే పంచింగ్ డై. ప్లైవుడ్ పలకలో గాడి కోసి, అందులో ఉక్కు పట్టీని కావలసిన ఆకారానికి వంచి దిగేస్తారు. సాధారణంగా ఆ పట్టీ ఎత్తు 23.8 మి.మీ., మందం సుమారు 0.7 మి.మీ. కత్తిరించే పట్టీ పక్కనే, దానికన్నా కాస్త పొట్టిగా, పదును లేని పట్టీ పెడితే అది మడత గీత పెడుతుంది. కోత, మడత ఒకే దెబ్బకు అయిపోతాయి. ప్రెస్సులోని ట్రెడిల్ అచ్చు యంత్రం మీద 120 కార్డులు ఎంతసేపు! కానీ ఉక్కు పట్టీని మరీ చిన్న వంపుకు తిప్పలేరు. 3 మి.మీ. బొట్టు చిల్లును ఆ పద్ధతిలో ఎవరూ చేసి ఇవ్వలేమన్నారు.

రెండోది, లోహపు రేకును రసాయనంతో తొలిచి చేసే పలుచటి డై. పిడి పట్టి తిప్పే చిన్న రోలరు యంత్రంలో వాడేది ఇదే. ఎంత సన్నని పనైనా పలుకుతుంది. నా దగ్గర ఉన్న యంత్రంలో కాగితం దూరే నోటి వెడల్పు 23 సెంటీమీటర్లు, ఎ4 కాగితం పడుతుంది. నా గీతకు దగ్గరగా ఉన్న అంచు డై ఒకటి దొరికింది. నిడివి 6 అంగుళాలు, అంటే 152 మి.మీ. నేను అనుకున్న కార్డు ఎత్తు 7 అంగుళాలు, 178 మి.మీ. డై 26 మి.మీ. పొట్టి అయిందని దిగులు పడ్డాను. ఆ కొరత కనిపించకూడదని మూలల కోసం ఇంకో డై కొని, నాలుగు వైపులా లేసు తిప్పాను. అవ్వ తడిమి చూసిన నమూనా అదే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నమూనాను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. పసుపుకు కావలసింది నాలుగు మూలలా నిండు కాగితం. డై ఎక్కడ పొట్టి అయిందో అక్కడ నాకు నిండు కాగితం ఊరికే మిగులుతోంది! లేసును తెరిచే వైపు ఒక్క అంచుకే పరిమితం చేసి, 152 మి.మీ. డైని 178 మి.మీ. అంచు మధ్యలో పెడితే పైన 13, కింద 13 మి.మీ. కోయకుండా ఉంటాయి. మడత వైపు రెండు మూలలకు ఎలాగూ ఢోకా లేదు. మూలల డైని ఆ రోజే పెట్టెలో పెట్టేశాను.

13 మి.మీ. సరిపోతుందా? కాగితం మీద పసుపు ముద్దతో ఉంగరం వేలిని అద్ది చూశాను. ముద్ర 12 మి.మీ. దాకా వచ్చింది. వేలు ఏమాత్రం జరిగినా లేసు చిల్లుల్లోకి వెళ్తుంది. ఇంకో మిల్లీమీటరు ఉంటే బాగుండును అనుకున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం సంగతిలో చెబుతాను.

మడత దగ్గర పగులు

మొదటి నమూనాల్లో ఇంకో లోపం ఉంది. అవ్వ చూడలేదు కానీ నాకు నిద్ర పట్టనివ్వలేదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) ఎ4 కాగితం నుంచి 254 × 178 మి.మీ. ముక్క కోసి మధ్యకు మడిచాను. వేసవిలో ఎండిన చెరువు మట్టిలా మడత పొడవునా కాగితం నెర్రెలు ఇచ్చింది. గీత గట్టిగా పెట్టినా, మెల్లగా పెట్టినా అంతే.

కారణం గ్రెయిన్. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలో ఎక్కువ భాగం యంత్రం నడిచే దిశలో పరుచుకుంటుంది. ఆ దిశ వెంట మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే నార విరుగుతుంది. దిశ తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. చిన్న చదరపు ముక్క కోసి, ఒకవైపు మాత్రమే తడి చేయాలి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం ఏ దిశలో పొడవుగా ఉంటే నార ఆ దిశలో ఉన్నట్టు. ముక్క కోసే ముందు పెద్ద కాగితం మీద, ముక్క మీద ఒకే దిశలో బాణం గుర్తు పెట్టుకోవడం మరవకూడదు. నేను ఒకసారి మరిచి పరీక్షంతా మళ్లీ చేశాను.

నా ప్యాకెట్టులోని ఎ4 కాగితంలో నార పొడుగు వైపుగా ఉంది. నా కార్డు మడత పొట్టి వైపుకు సమాంతరంగా వస్తుంది. అంటే ప్రతి కార్డునూ నేను నారకు అడ్డంగానే విరుస్తున్నాను. ముక్కను తిప్పి కోద్దామంటే ఎ4 వెడల్పు 210 మి.మీ. మాత్రమే, 254 అందులో పట్టదు. పెద్ద షీటు కొనడం తప్ప దారి లేదు.

మీగడ రంగులో నాకు కావలసిన కాగితం ఇక్కడి దుకాణాల్లో ఆ వారం లేదు. పొద్దున్నే బస్సెక్కి చెన్నై వెళ్లాను. ప్యారీస్ దగ్గరి ఆండర్సన్ వీధిలో శుభలేఖలు, కాగితాలు తప్ప వేరే వ్యాపారం కనబడదు. 23 × 36 అంగుళాల షీటును రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూస్తే ఏ వైపు తేలికగా ఒదుగుతోందో చేతికే తెలుస్తుంది. నార 36 అంగుళాల వైపుగా ఉంది. మడత నార వెంటే ఉండాలంటే కార్డు 7 అంగుళాల కొలత 36 వైపుగా రావాలి. అలా కోస్తే పొడుగున ఐదు, అడ్డంగా రెండు, మొత్తం షీటుకు 10 ముక్కలు. తిప్పి కోస్తే 9 మాత్రమే. ఈసారి సరైన దిశే ఎక్కువ ముక్కలు ఇచ్చింది. 15 షీట్లు కొన్నాను, 150 ముక్కలకు. ముప్పై పాడైనా పని ఆగదు.

పసుపుకు కావలసిన మిల్లీమీటరు దొరికింది కూడా ఇక్కడే. 36 అంగుళాలంటే 914 మి.మీ. ఐదు ముక్కలు 178 చొప్పున పోగా 24 మి.మీ. వృథాగా మిగులుతుంది. కార్డు ఎత్తును 180 చేశాను. పైన 14, కింద 14.

కాగితం కోయించడానికి దగ్గరి షాపుకు ఇచ్చినప్పుడు ప్రతి షీటు వెనుక పెన్సిలుతో బాణం గీసి ఇచ్చాను. అయినా మొదటి కట్టను అడ్డంగా తిప్పి కత్తి కింద పెట్టబోతుంటే పక్కనే ఉండి ఆపగలిగాను. కోయించేటప్పుడు దగ్గర నిలబడండి. ఒక్క దెబ్బకు వంద కార్డుల కాగితం పోతుంది.

మడత గీత గురించి కూడా ఒక మాట. మొద్దు పనిముట్టుతో గీత నొక్కినప్పుడు నొక్కిన వైపు గాడి, అవతలి వైపు ఉబ్బు వస్తాయి. గాడి కార్డు బయటికి, ఉబ్బు లోపలికి ఉండేలా మడవాలి. చూడటానికి గాడిలోకే మడవాలనిపిస్తుంది, చాలామంది అలాగే చేస్తారు. అలా చేస్తే పై పొర మరింత సాగి చిట్లుతుంది.

యంత్రం దగ్గర పదహారు రోజులు

కింద ఒక పలక, దాని మీద డై పదును పైకి చూసేలా, దాని మీద కాగితం, మళ్లీ పైన పలక. ఈ దొంతరను రోలర్ల మధ్యకు పంపి పిడి తిప్పాలి. చెప్పడానికి ఇంతే.

మడవని కార్డులో లేసు అంచు పొట్టి వైపున ఉంది. కాగితాన్ని నిలువుగా పెట్టి పంపితే 152 మి.మీ. డై మొత్తం ఒకేసారి రోలరు కిందికి వస్తుంది. పిడి బిగుసుకుపోతుంది, పలక టక్కుమని పగిలినంత చప్పుడు చేస్తుంది. అడ్డంగా తిప్పుదామంటే 254 మి.మీ. కాగితం 23 సెంటీమీటర్ల నోటిలో పట్టదు. దొంతరలో కాగితాన్ని, డైని కలిపి పది డిగ్రీల దాకా ఏటవాలుగా జరిపాను. ఇప్పుడు రోలరు డై ఒక కొసను ముందు తాకి, మెల్లగా రెండో కొస దాకా నడుస్తుంది. అప్పటి నుంచి పిడి ఒక చేత్తో తిరిగింది.

డై ప్రతిసారీ ఒకే చోట కూర్చోవడానికి పాత ఎక్స్‌రే ఫిల్మును కోసి కొలపట్టీ చేసుకున్నాను. పైనా కిందా 14 మి.మీ. విడిచే గుర్తు అందులోనే ఉంది. డైని కాగితానికి పేపరు టేపుతో అంటించేదాన్ని. టేపు జిగురును ముందు చీర కొంగుకో చేతికో రెండుసార్లు అంటించి తగ్గించకపోతే తీసేటప్పుడు కాగితం పై పొర లేచిపోతుంది. డైకి, కాగితానికి మధ్య బటరు పేపరు ముక్క ఒకటి పెడితే తెగిన లేసు డైలో ఇరుక్కోకుండా తేలిగ్గా విడివడుతుంది.

డై కార్డు కన్నా పొట్టి కాబట్టి లేసుకు బయట మిగిలే సన్నని కాగితపు పట్టీ రెండు కొసలా కార్డును పట్టుకునే ఉంటుంది. ఆ రెండు చోట్లా చాకుతో చిన్న అడ్డకోత పెట్టాలి. అప్పుడు పట్టీ ఊడి, మధ్యలో లేసు కాస్త లోపలికి, రెండు చివర్లా నిండు మూలలు కాస్త బయటికి నిలుస్తాయి. 120 కార్డులకు 240 కోతలు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. యంత్రం చేసిన అంచును చెయ్యి పూర్తి చేయడం.

పలకల సంగతి. ప్రతిసారీ తిరగేయాలి. ఒకే ముఖాన్ని డై వైపు పెడుతూ పోతే పలక దోనెలా వంగి, మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. నలభై కార్డుల తర్వాత నాకు లేసు నడిమి భాగం సరిగా తెగడం మానేసింది. 80 జీఎస్‌ఎం జెరాక్సు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఒక్క కాగితం దొంతర అడుగున పెట్టగానే మళ్లీ తెగింది. కోత సరిగా రాకపోతే బలంకొద్దీ పిడి తిప్పడం కన్నా ముందు ఒక కాగితం చేర్చి చూడాలి. రెండు చేర్చినా తెగకపోతే పలక మార్చే వేళ అయిందని అర్థం.

ఇక వాన. నెల మధ్యలో మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మొదటి రోజు సాయంత్రానికే లేసు అంచుల్లో నూగు కనిపించింది, చిల్లుల్లోని ముక్కలు రాలడం మానేశాయి. డై మొద్దుబారిందేమో అని భయపడ్డాను. తప్పు డైది కాదు. గాలిలోని తేమను నార పీల్చుకుని మెత్తబడుతుంది. మెత్తబడిన నారను కత్తి తెంచదు, పక్కకు నెడుతుంది. తొందరపడి కొన్ని ముక్కలను నూలుగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేశాను. ఒకవైపు ముందు ఆరి, కాగితం దొన్నెలా చుట్టుకుంది. ఆరు ముక్కలు పోయాయి. ఎండ వచ్చినా ఎండలో పెట్టకూడదన్నది ఇందుకే.

పనిచేసిన పద్ధతి ఇది. అమ్మమ్మ కాలం నాటి ఇనుప ట్రంకు పెట్టె ఉంది. అడుగున తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పరిచి, కాగితాలను నిలువుగా, గాలి ఆడేలా వదులుగా నిలబెట్టి, మూత వేసి ఒక రాత్రి ఉంచాను. పొద్దున పది పది చొప్పున తీసి, అవి పూర్తయ్యాకే తర్వాతి పది. వాన ఆగకపోయినా కోత మళ్లీ శుభ్రంగా వచ్చింది. మిగతా పని అంతా ఆ పెట్టె నుంచే జరిగింది.

చిల్లుల్లోని ముక్కలు రాల్చడం గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఒక్కో లేసులో 62 చిల్లులు. చాలావరకు కుంచెతో దులిపితే రాలతాయి, మిగిలినవి సూదితో పొడవాలి. కార్డుకు 3 నిమిషాలు, మొత్తం ఆరు గంటలు అనుకుని ధర కట్టాను. సగటున 7 నిమిషాలు పట్టింది, 14 గంటలు. అంచనా నాది కాబట్టి ఆ ఎనిమిది గంటలకు వాళ్ల నుంచి ఏమీ అడగలేదు. ఇప్పుడు ధర చెప్పే ముందు డైలో చిల్లులు లెక్కపెడుతున్నాను. అంచు పొడవు చూసి ధర కట్టడం సరికాదు, శ్రమ చిల్లుల్లో ఉంది.

లేసు వెనుక రంగు, మూల మీద పసుపు

మీగడ రంగు లేసు వెనుక మీగడ రంగే ఉంటే ఏమీ కనబడదు. లోపలి పుట మీద, లేసు ఆనే చోట కుంకుమ రంగు పట్టీ అంటించాలనుకున్నాను. పెళ్లికూతురు మొదట కార్డు మొత్తాన్నీ చేతితయారీ నూలు కాగితంతో చేయమంది. చేసి చూశాను. ఆ కాగితంలో నార పొడుగ్గా ఉండటం వల్ల చిల్లు చిల్లుకూ వెంట్రుకల్లాంటి పోగులు మిగిలాయి. పట్టీకైతే లేసు కోత అవసరం లేదు కాబట్టి ఆమె కోరికను అక్కడ తీర్చాను.

తడి దూదితో రుద్ది చూస్తే మొదట తెచ్చిన కుంకుమ రంగు కాగితం దూదికి అంటింది. పక్కనే తడి పసుపు పడబోతోంది. ఆ కాగితాన్ని వదిలేసి, రంగు దిగనిది వెతికాను. అదీ చాలదని పట్టీ ఎత్తును 150 మి.మీ. కే ఆపాను, పసుపు మూలల కిందికి రంగు కాగితం రాకుండా. అంటించడానికి తెల్ల జిగురు వాడలేదు. అందులోని నీటికి కాగితం అలలు తేలుతుంది. రెండు వైపులా అంటుకునే సన్నని టేపు వాడాను. “శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు”తో మొదలయ్యే విషయమంతా 120 జీఎస్‌ఎం కాగితం మీద ప్రెస్సులో అచ్చు వేయించి, మడత పక్కన ఒక్క గీత టేపుతో మాత్రమే పట్టించాను.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని హారతి నీళ్లు కలిపే ప్రతి ఇంటికీ తెలుసు. కాగితం తయారీలో సుద్ద కలిపే అలవాటు ఉంది కాబట్టి పసుపు రంగు మారుతుందేమో అని అనుమానం వచ్చింది. కొనక ముందే తెచ్చుకున్న ముక్క మీద తడి పసుపు రాసి ఒక రాత్రి ఉంచాను. పసుపు పసుపుగానే ఉంది. తర్వాత మూడు రకాలుగా ప్రయత్నించాను. పొడి పసుపు నిలవలేదు. పలుచగా కలిపినది చుట్టూ పాకి, లేసు మొదటి మెలిక దాకా వెళ్లి కాగితాన్ని ఉబ్బించింది. చెంచా పసుపుకు కొన్ని చుక్కల నీళ్లే పోసి, గంధంలా చిక్కగా మెదిపినది పెట్టిన చోటే ఆగింది. ఫ్యాను కింద అరగంటలో ఆరింది. ఈ సంగతి ఒక చీటీ మీద రాసి కార్డుల పెట్టెలో పెట్టాను.

కవరు 133 × 184 మి.మీ. లేసు మెలికలు కవరు లోపలి అతుకుకు తగులుకుని రెండు చిరిగాయి. అందుకే ప్రతి కార్డుకూ లేసు మీదుగా బటరు పేపరు పట్టీ చుట్టాను. కవరులో జారుతుంది, తీశాక పారేయవచ్చు.

అందించిన రోజు, ఆ తర్వాత

120 కార్డులు, అదనంగా మూడు, డిసెంబరు మొదటి వారంలో ఇచ్చాను. అవ్వ ఆ రోజు ముందే స్నానం చేసి కూర్చున్నారు. ఇత్తడి పళ్లెంలో పసుపు, నేను రాసిన చీటీ ప్రకారం చిక్కగా మెదిపి ఉంది. మొదటి కార్డును దేవుడి ముందు పెట్టి, ఉంగరం వేలితో మడత వైపు రెండు మూలలూ అద్దారు. తర్వాత లేసు వైపు పై మూల. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. వేలిముద్ర ఆ 14 మి.మీ. లో సరిగ్గా కూర్చుంది. కింది మూల కూడా అద్ది, కార్డును దూరంగా పట్టుకుని చూసి, “గడపలా ఉందే” అన్నారు. మధ్యలో ముగ్గులాంటి లేసు, రెండు చివర్లా పసుపు. నాకు అంతవరకూ తోచలేదు. నిజంగానే పసుపు రాసిన గడపలా ఉంది.

ఆ కార్డే శ్రీవారికి వెళ్లింది.

పెళ్లి అయిన రెండు వారాలకు ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారిని అడిగి, బంధువుల ఇళ్లలో ఉన్న కార్డులు కొన్ని చూడగలిగాను. పని చేతులు మారాక ఎలా ఉందో చూడకపోతే మనకు తెలిసేది సగమే. ఐదు చూశాను. మడత ఒక్కదానిలోనూ పగల్లేదు. పసుపు మూలలు ఐదింటిలోనూ నిండుగా ఉన్నాయి, ఒకదానిలో కుంకుమ కూడా పెట్టారు. కానీ మూడింటిలో లేసు చిరిగింది, మూడింటిలోనూ ఒకే చోట, కింది నుంచి మూడో పిందె దగ్గర. కార్డు తెరిచేటప్పుడు అందరి బొటనవేలూ పడేది అక్కడే. ఇంటికి వచ్చి డైని కొలిచాను. ఆ పిందెను తీగకు పట్టి ఉంచే వంతెన వెడల్పు 0.8 మి.మీ. మాత్రమే. మిగతావన్నీ అంతకన్నా వెడల్పు.

కొత్త డైకి నా గీతే ఇచ్చి చేయిస్తున్నాను. నిడివి 150 మి.మీ., మూలలకు 15 చొప్పున మిగిలేలా. ఏ వంతెనా 1.5 మి.మీ. కన్నా తక్కువ ఉండదు. చిల్లులు 62 నుంచి 44కు తగ్గాయి. కింది నుంచి మూడో పిందెకు అసలు చిల్లే పెట్టలేదు, నిండుగా వదిలేశాను. బొటనవేలికి అది చోటు. 15 షీట్ల నుంచి మిగిలిన మూడంగుళాల పట్టీలు ఇంకా నా దగ్గర ఉన్నాయి. కొత్త డైని మొదట వాటి మీదే నడిపి, ఆ ముక్కలను అవ్వకు చూపించాలి.